ట్రామ్సోలో అమావాస్య

తేదీ: విశ్వావసు నామ సంవత్సర పుష్య బహుళ అమావాస్య, ఆదివారం. హాజరైనవారు: హైమవతి, విశ్రాంత భూగోళ ఉపాధ్యాయిని, ఆమె తమ్ముడు వేదాద్రి. రానివారు ఎవరూ లేరు.

ఈ వరుసలను నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తున్నది హైమవతే. ముప్పై ఒక్క ఏళ్లు బాలికోన్నత పాఠశాలలో భూగోళం చెప్పిన చేయి అది, ఒక్క అక్షరమూ పక్కకి వాలదు. ఎనిమిదో తరగతి పిల్లల బెంచీలో మోకాళ్లు పట్టక ఇరుక్కుని కూర్చున్న వేదాద్రికి, ఆమె ఆషాఢ అమావాస్యనాడు పోయిందని తెలుసు; తెలిసినా, పోయిన మనిషి వచ్చి బల్ల మీద తేదీ వేయడం అతనికి వింతగా తోచదు, వింతగా తోస్తున్నదల్లా ఆ తేదీ ఇంకా రాకపోవడం, ఇది మార్గశిరమే కావడం. ఆ మాట చెప్పడానికే లేచి నిలబడతాడు.

"అక్కయ్యా, దానికింకా నెల ఉంది."

"నీకెప్పుడూ ఇంకా నెల ఉంటుందిలే. కూర్చో," అంటుంది ఆమె వెనక్కి తిరగకుండానే.

కూర్చోబోతే బెంచీ రైలు సీటై ఉంటుంది. నల్లబల్ల ఉన్నచోట కిటికీ, కిటికీ అవతల గోదావరి, కింద వంతెన దూలాలు ఒకదాని వెనక ఒకటి దడదడమని వెనక్కి పోతుంటాయి. హైమవతి ఎదుటి సీట్లో కాళ్లు పైకి పెట్టుకుని, ఒళ్లో తన ఆకుపచ్చ వాయిల్ చీరను మడతలు విప్పుతూ కూర్చుంటుంది. ఏటేటా ధ్రువ ప్రాంతాల పాఠం వచ్చినప్పుడు ఆ చీరనే బడికి తీసుకుపోయేది. నలుగురు పిల్లల చేత నాలుగు కొసలూ పట్టించి, కిటికీ వెలుతురుకు అడ్డంగా అలలు అలలుగా ఊపించి, ఉత్తర ధ్రువం దగ్గర రాత్రి ఆకాశంలో ధ్రువకాంతి ఇలా కదులుతుందర్రా అని చెప్పేది. ఎవరో ఒక పిల్ల లేచి, "మీరు చూశారా టీచర్?" అని అడిగేది. చూడలేదని చెప్పడానికి ఆమె ఏ ఏడూ సిగ్గుపడలేదు. పదవీ విరమణ చేసిన మర్నాడు మాత్రం, కాకినాడలో తామిద్దరూ అద్దెకున్న మేడ మీద కాఫీ కలుపుతూ, "చీర ఊపడం అయిపోయింది. ఇక అసలుది చూపించరా," అంది తమ్ముడితో.

ఇద్దరూ పెళ్లి మాట ఎత్తకుండానే వయసు దాటినవాళ్లు. అతను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో తాళపత్రాల వివరణ పట్టికలు తయారు చేస్తూ ఇరవై ఎనిమిదేళ్లు గడిపి, ఆ తర్వాత వీధి గుమ్మం కూడా అరుదుగా దాటుతూ వచ్చాడు. అలాంటివాడు అక్క కోసం నార్వే పటం గోడకు తగిలించాడు, ట్రామ్సో అనే ఊరి పేరు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాడు, ఆ వెలుగు ఏ రోజున బాగా కనిపిస్తుందో తేల్చడానికి ఒక పట్టిక గీశాడు.

ఆ పట్టిక ఇప్పుడు రైల్లో అతని చేతిలోనే ఉంది. చూస్తుండగానే పొడుగవుతోంది, సీటు మీంచి జారి, నేల మీద పాకి, పక్క పెట్టెలోకి పోతోంది. హైమవతి దాని కొసను కాలితో తొక్కిపట్టి, ఎర్ర పెన్సిలు చెవి మీంచి తీస్తుంది.

"ఇందులో ఏముందో చదువు."

"చంద్రుడి వెలుతురు," అని మొదలుపెడతాడు అతను. "ముప్పై ఏళ్ల సగటు మబ్బు. గాలి. మంచు కురిసే రోజులు. వర్జ్యం..."

"నార్వేలో వర్జ్యమా?"

"బయలుదేరేది ఇక్కణ్ణించే కదా."

"బాగుంది. కానీ."

"మొత్తం పదకొండు గడులు, అక్కయ్యా. నువ్వు ఫాల్గుణంలో పోదామన్నావు. ఆ వారం సరిగ్గా పౌర్ణమి, వెన్నెలకి సన్నని వెలుగులు కలిసిపోతాయి. కార్తికంలో మబ్బు. అన్నీ కలిసొచ్చింది పుష్య అమావాస్య ఒక్కటే. పది నెలలు ఆగితే..." ఆ వాక్యం అతని నోట్లో ఆగిపోతుంది.

రైలు వంతెన మీద నడుస్తూనే ఉంది. గోదావరి అంత వెడల్పు కాదు, అయినా అవతలి గట్టు రావడం లేదు, నీళ్లు మాత్రం క్రమంగా తెల్లబడుతున్నాయి.

"నేను ఫాల్గుణంలోనే పోదామని ఎందుకన్నానో ఎప్పుడైనా ఆలోచించావుట్రా?"

అతనికి తెలుసు. ఆమె పోయిన పదహారో రోజున, పాఠశాల పటాల చుట్టల మధ్య దొరికింది ఆస్పత్రి నివేదిక. దాని మీద మాఘమాసపు తేదీ ఉంది. ఫాల్గుణంలో వెళ్దామని ఆమె అడిగింది ఆ మర్నాడే. ఆ మర్నాడే అతను కొత్త కాగితం తీసి, స్కేలు పెట్టి, మొదటి నిలువుగీత గీశాడు.

"చెప్పలేదేం నాకు?" అతని గొంతు చిన్నపిల్లవాడి గొంతులా వస్తుంది. "ఒక్క మాట చెబితే పౌర్ణమైనా, తుపానైనా ఆ వారమే తీసుకుపోయేవాణ్ణి కదా."

"తీసుకుపోయేవాడివే. హైదరాబాదు తీసుకుపోయేవాడివి, వెల్లూరు తీసుకుపోయేవాడివి. ఆస్పత్రులన్నిటికీ మళ్లీ ఒక పట్టిక వేసేవాడివి." ఆమె నవ్వుతుంది, ఆ నవ్వులో దెప్పడం సగమే. "ఉన్న నాలుగైదు నెలలూ మందుల వాసనలో పోతాయని భయమేసిందిరా. నీకు చెప్పకపోతే, ప్రయాణం ముచ్చట్లతోనన్నా పోతాయి అనుకున్నా."

"పోయాయా?"

"పోయాయి. రోజూ సాయంత్రం ఆ పటం ముందు కూర్చుని ఉన్ని మేజోళ్ల గురించి పోట్లాడుకున్నాం కదా. నాకేం లోటు రాలేదు." పెన్సిలుతో పట్టిక అంచున ఒక గీత గీస్తుంది. "ఇది తప్పని కాదు. బాగా రాశావు. పదకొండు గడులున్నాయి. అప్పటికి అక్కయ్య ఉంటుందా అన్న గడి ఒక్కటే లేదు."

అతను తల వంచుకుంటాడు. ఆమె ఆ మాటను నొప్పించడానికి అనలేదు, పరీక్ష కాగితంలో వదిలేసిన ప్రశ్నను చూపినట్టు చూపిందంతే. అందుకే అది మరింత లోతుగా దిగింది. పట్టికను చుట్టడం మొదలుపెడతాడు, ఎంత చుట్టినా అది తరగదు, చివరికి చేతిలో మిగిలింది పట్టిక కాదు, ఒంటి కాగితం.

ఆ కాగితం కూడా నిజమైనదే. విశాఖపట్నంలోని యాత్రల సంస్థవాళ్లు పంపారు. పుష్యమాసపు బృందంలో ఇద్దరి పేర్లున్నాయి. రాలేనివారి పేరు కొట్టేసి, వచ్చేవారు సంతకం చేసి పంపాలి, ఎల్లుండిలోగా పంపకపోతే ఇద్దరూ మానుకున్నట్టే. మూడు వారాలుగా అది అతని బల్ల మీద ఉంది.

"ఇదేంటి, ఇంకా పంపలేదా?"

"నేను వెళ్లడం పడదు, అక్కయ్యా. నీ తిథి అమావాస్య. నెలనెలా అమావాస్యనాడు నీకు మాసికం పెట్టాలి. ఆ రోజు ఊరు దాటకూడదన్నారు మన పురోహితులు సోమయాజులుగారు. పుష్య అమావాస్యకి నేను పీట మీద కూర్చుని నీకు నువ్వులూ నీళ్లూ వదులుతుండాలి. పదకొండు గడులు గీసి పట్టుకున్న రోజు, సరిగ్గా అదే..." అతను కాగితాన్ని మోకాలి మీద చదును చేస్తాడు. "చీకటి రోజు కావాలని నేనే కదా ఎంచాను."

హైమవతి అతనికేసి చాలాసేపు చూస్తుంది, మొద్దు ప్రశ్న వేసిన పిల్లకేసి చూసినట్టు, కోపం లేకుండా.

"సన్నాసీ. ముప్పై ఒక్క ఏళ్లు భూగోళం చెప్పినదాని తమ్ముడివి. అమావాస్య కాకినాడ ఒక్కదానికే వస్తుందా?"

అతను కాగితం మీది తేదీకేసి చూస్తాడు.

"అక్కడా ఆ రోజు అమావాస్యే. అదే సూర్యుడు, అదే చంద్రుడు. సంచిలో గుప్పెడు నువ్వులు పోసుకో, అక్కడి నీళ్లతో వదులు. సోమయాజులుగారు అడిగితే అక్క చెప్పిందను."

"అడిగితే ఆయన నన్ను పిచ్చివాడనుకుంటాడు."

"ఇప్పుడేమనుకుంటున్నాడేంటి మరి?"

అతనికి నవ్వొస్తుంది, నవ్వుతుండగానే రైలు ఆగి ఉంటుంది. ఎప్పుడు దిగారో తెలియదు. వంతెన వెనక ఎక్కడో ఉంది, ఒక కొస గోదావరి మీద, ఒక కొస ట్రామ్సో ద్వీపం మీద. చుట్టూ మంచు. పగలే, మధ్యాహ్నమే; కాని సూర్యుడు కొండ వెనక నుంచి లేవడానికి సందేహిస్తున్న మధ్యాహ్నం, మంచూ ఇళ్లూ సముద్రమూ అన్నీ సిరాలో ఒకసారి ముంచి తీసినట్టు నీలంగా ఉన్నాయి. దూరాన చర్చి గంట మోగితే బడి గంటలా వినిపిస్తుంది. హైమవతి వాయిల్ చీరను శాలువాలా భుజాల మీద కప్పుకుని, తల వెనక్కి వాల్చి, ఆకాశం చూస్తూ నిలబడుతుంది. అతనూ చూస్తాడు. పైన ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, చిన్న చిరుగు కూడా లేకుండా, బూడిదరంగు మబ్బు.

"కనిపిస్తోందా?" అని అడుగుతుంది.

"లేదక్కయ్యా."

"నాకూ లేదు."

పదకొండు గడులూ, పది నెలలూ, ఆమె ప్రాణమూ పెట్టి కొన్న ఆకాశం ఇది. "మబ్బు," అంటాడు.

"ఇక్కడికి వచ్చేవాళ్లలో బోలెడుమంది మబ్బు చూసే వెనక్కి పోతారట్రా. నువ్వే కదా చదివి చెప్పావు." ఆమె ఆకాశం మీంచి చూపు తిప్పదు. "ఫాల్గుణంలో వచ్చినా ఇంతే అయ్యుండేది. వెన్నెలో, మబ్బో, ఏదో ఒకటి అడ్డం వచ్చేది. ఇద్దరం ఇలాగే నిలబడి, మెడలు నొప్పెట్టేదాకా చూసి, ఏం కనబడక, ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటూ వెళ్లి వేడిగా ఏదైనా తాగేవాళ్లం. నాకు అది చాలురా. అది నీకు నేను చెప్పాల్సింది. జబ్బు మాట కాదు."

మబ్బు కింద ఇద్దరూ నిలబడతారు, ఫాల్గుణంలో నిజంగా నిలబడి ఉండవలసినట్టే. ఆమె ఎడంచేయి చీర అంచులోంచి బయటికి వచ్చి ఉంది. అతను దాన్ని అందుకుంటాడు. చల్లగా ఉంది, చివరిరోజు ఆస్పత్రి మంచం మీద ఎంత చల్లగా ఉందో అంత. అప్పుడు చేసినట్టే రెండు చేతుల మధ్యా పెట్టుకుని రుద్దడం మొదలుపెడతాడు. అప్పుడు నర్సు వచ్చి భుజం తట్టేదాకా రుద్దాడు. ఇక్కడ ఎవరూ లేరు.

"నా పేరు కొట్టెయ్," అంటుంది ఆమె మెల్లగా.

"కొట్టేస్తే నువ్వు లేనట్టే కదా."

"లేను కదరా."

అతను రుద్దుతూనే ఉంటాడు. ఆమె, బడిలో ఆఖరి గంట మోగాక పిల్లలతో అన్నట్టు, తొందర లేకుండా అంటుంది: "వేడెక్కిందిలే. ఇక వదులు."

వేదాద్రి కళ్లు తెరిచాడు.

మధ్యాహ్నం నాలుగు కావస్తోంది. భోజనం చేసి, గోడవారన చాప పరుచుకుని నడుం వాల్చినవాడు నిద్రలో చాప దాటి దొర్లినట్టున్నాడు. కుడిచేయి చాచి నేల మీద బోర్లా ఉంది. మార్గశిరపు గచ్చు చల్లగా, రాయిలా ఉంది. చేయి తీశాడు. తీసి, ఎందుకో మళ్లీ అక్కడే తాకి చూశాడు. అరచేయి ఉన్న మేరకు మాత్రం, అయిదు వేళ్ల వెడల్పున, గచ్చు వెచ్చగా ఉంది. అతను కూర్చుని, ఆ వెచ్చదనం పూర్తిగా పోయేదాకా దాని మీద చేయి వేయకుండా, చూస్తూ ఉండిపోయాడు. పోయాక కొంచెంసేపు ఏడ్చాడు.

తర్వాత లేచి, మొహం కడుక్కుని, బల్ల ముందు కూర్చున్నాడు. తాళపత్రాల పనిలో అతనికి నేర్పిన పద్ధతి ఒకటుంది: తీసేసిన మాటను చెరపకూడదు, కింద ఏముందో తర్వాతి వాళ్లకు తెలిసేలా సన్నగా ఒకే ఒక గీత గీయాలి. స్కేలు పెట్టి అలాగే గీశాడు. హైమవతి అన్న నాలుగు అక్షరాలూ గీత కింద నుంచి స్పష్టంగానే కనిపిస్తున్నాయి. రెండో పేరుకు ఎదురుగా వేదాద్రి అని సంతకం చేశాడు, తేదీ వేశాడు, సిరా ఆరేదాకా ఆగి కాగితాన్ని మూడు మడతలు పెట్టాడు, కవరులోకి తోసి, పొద్దున్నే టపాలో వేయడానికి చేతిసంచిలో పెట్టుకున్నాడు.