డోరీన్ కోపం, నీలి సాల్వియాలు

అక్టోబరు వచ్చిందంటే యార్క్‌షైర్‌లోని ఆ వీధిలో తోటలన్నీ బోసిపోతాయి. డోరీన్ సాల్వియాలు మాత్రం అప్పుడే, దక్షిణపు గోడవారన ఎండ కాచుకుంటూ, తీరిగ్గా నీలంగా పూస్తాయి. ఏళ్ళ తరబడి బతికే మొక్కలే కానీ గట్టి మంచుకు తట్టుకోలేవు. అందుకే పూలు రాలిపోయినా ఎండుకొమ్మల్ని వసంతం దాకా ముట్టుకోకూడదు. మొదళ్ళకు అవే దుప్పటి.

పెళ్ళాం వెళ్ళగొడితే అక్క డోరీన్ పంచన చేరిన నార్మన్‌కి ఈ సంగతి తెలియదు. ఊరికే తింటున్నానన్న సిగ్గుకొద్దీ, ఆ నెలాఖరున పూలు వాడగానే కత్తెర పట్టి మొక్కలన్నిటినీ నేలమట్టంగా కత్తిరించేశాడు. పని రానివాడి శుభ్రం పిచ్చి అంత పాడుపిచ్చి ఇంకోటి లేదు.

"నీ చేతులు విరిగిపోనూ! ఎవడు చెయ్యమన్నాడురా?" డోరీన్ గుండెలు బాదుకుంది.

"శుభ్రంగా ఉంటుందని, అక్కా..."

"నీ గదిలో ఎంగిలి కప్పులు బూజు పట్టాయి, అక్కడ గుర్తురాలేదా శుభ్రం? విత్తనం నుంచి పెంచుకున్నాను వీటిని. ఈ రంగు ఇంకెవరి దగ్గరా లేదు. రేపే మూటాముల్లె సర్దుకుని నడువు!"

తెల్లారేసరికి ఊరంతా మంచు పట్టింది. డోరీన్ గోడవారన మాత్రం నేల పొయ్యి పక్కలా వెచ్చగా ఉంది. ఆవిడ నిజంగా మండిపడితే ఆ పెరట్లో మంచు పడదు. అది ఎరిగిన పక్కింటి బెరిల్ తన జెరేనియం కుండీలు మోసుకొచ్చి అక్కడ పెట్టింది.

"ఈసారి ఎన్నాళ్ళుంటుంది డోరీన్, నీ కోపం?" అంది, బస్సెప్పుడొస్తుందని అడిగినట్టు.

అంతలో నార్మన్ పెట్టె పట్టుకుని వచ్చాడు. "తప్పయిపోయిందక్కా. క్షమించు," అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. డోరీన్ మనసు మెత్తబడింది. ఆ వెంటనే గోడవారన మట్టి మీద తెల్లటి పొర కట్టసాగింది.

"ఏడుపు ఆపవయ్యా బాబూ, నా కుండీలు చస్తాయి!" బెరిల్ అరిచింది.

నార్మన్ ఆ తెలుపు కేసి చూశాడు. కళ్ళు తుడుచుకుని, బురద బూట్లతోనే అక్క అప్పుడే కడిగిన వంటింట్లోకి నడిచాడు. "ఇదీ ఒక టీయేనా? కుడితి నయం!"

డోరీన్ ముఖం జేవురించింది. మట్టి వెచ్చబడింది.

చలికాలమంతా అతను తలుపులు దబదబా వేశాడు, ఆవిడ నింపుతున్న గళ్ళనుడికట్టును పెన్నుతో తప్పులతడకగా నింపాడు. ఆవిడ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.

ఏప్రిల్‌లో మొదళ్ళ నుంచి చిగుళ్ళు లేచాయి. నార్మన్ చాలాసేపు చూసి, "ఇక వెళ్తానక్కా," అన్నాడు.

"వెళ్తాడట! చలికాలమంతా నా ఇంటిని దొడ్డి చేసి, ఇప్పుడు వెళ్తాడట!" డోరీన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఇంత కోపం ఆవిడకి అక్టోబరులో కూడా రాలేదు. "వచ్చే ఏడాది నాకు ఒళ్ళు మండించేవాడు ఎవడున్నాడురా, దౌర్భాగ్యుడా?"

నార్మన్ ఆ ఇంట్లోనే ఉండిపోయాడు.