ఎర్రచొక్కా ఒప్పుకోలేదు

కాలరు మీద నీళ్లు చిలకరించి, ఇస్త్రీపెట్టెను పక్కన నిలబెట్టి, ఇస్త్రీ ఆయన మళ్లీ ఫోను అందుకున్నాడు. కుడిచేతి వేళ్లన్నీ కాయలు కాసి మొద్దుబారాయి. ఫోను తెర వాటికి ఒక పట్టాన లొంగదు. అందుకని ఎడమచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం పొడిచాడు. "ఏమయ్యా ఎర్రచొక్కా, నోరు పడిపోయిందా? ఆ కొండల మీద బతికేవాళ్లను ఏం కావాలని ఎవరైనా అడిగారా అన్నాను నిన్న. జవాబేదీ?" అని పంపి, చొక్కా చేతులు సాపు చేయసాగాడు.

ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి. కూరలో ఉప్పు లేకపోయినా తిని లేచిపోతాడు. అలాంటివాడు టిబెట్ మాట వస్తే ఒంటికాలి మీద లేస్తాడు. ఆయన మంచును చూసింది ఫ్రిజ్‌లోనే. ఎప్పుడో వార్తల్లో, సొంత ఊరు వదిలి కొండలు దాటి వచ్చిన ఒక ముసలావిడ ఫోటో కంటబడింది. ఆవిడ ఏడవకుండా నిలబడి ఉంది. ఆ పూట ఆయనకు తిండి సయించలేదు. అంతే, మంచుకొండ అని పేరు పెట్టుకుని, ఫోనులో టిబెట్ గురించి వాదించుకునే ఈ గ్రూపులో చేరిపోయాడు.

ఎర్రచొక్కా అనే పేరుతో రాసేవాడు అక్కడే తగిలాడు. కమ్యూనిస్టు నాయకత్వమే అక్కడి బీదలను వెట్టి నుంచి బయటపడేసిందనీ, రోడ్లూ బడులూ ఆకాశం నుంచి ఊడిపడ్డాయా అనీ దులిపేసేవాడు. రోడ్డు వేసినవాడు ఇంటికి యజమాని అయిపోతాడా అని ఈయన. ఏళ్ల తరబడి ఇదే రగడ. మిగతావాళ్లు తిట్లకు దిగి జారుకునేవారు గానీ ఈ ఇద్దరూ పట్టు విడిస్తేనా! "అవును, వాళ్లను అడగాల్సింది" అని ఎర్రచొక్కా చేత ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి అనిపించాలి. ఇస్త్రీ ఆయనకు ఈ లోకంలో మిగిలిన కోరిక అదొక్కటే.

టిబెట్‌కు స్వాతంత్ర్యం వచ్చేలోగా ఆ ప్యాంట్లు కానిమ్మని, మూటలు కడుతున్న భార్య దెప్పింది. ఆయన తలూపాడు.

మధ్యాహ్నం గ్రూపులో జవాబు వచ్చింది. రాసింది ఎర్రచొక్కా కాదు, అతని కూతురు.

"మంచుకొండ గారూ, నాన్న తెల్లవారుజామున పోయారు. జబ్బు సంగతి ఎవరికీ చెప్పనివ్వలేదు. మీకు మాత్రం కబురు పెట్టమన్నారు. మీ ప్రశ్న గురించి ఆలోచిస్తూనే ఉన్నారట. అలాగని ఒప్పుకున్నట్టు అనుకోవద్దని చెప్పమన్నారు." కింద ఒక ఫోటో పెట్టింది.

పొద్దున తాను వెక్కిరించింది పోయిన మనిషినా! ఆయన పెట్టెను చొక్కా మీదే వదిలేసి ఆ కబురు మళ్లీ చదివాడు. ప్రాణం పోయేటప్పుడు ఎవరైనా పిల్లల్ని తలుచుకుంటారు, నొప్పిని తిట్టుకుంటారు. ఎర్రచొక్కా మాత్రం ఎన్నడూ చూడని కొండల గురించి ఆలోచించాడు, ముక్కూమొహం తెలియని పగవాడికి కబురు పెట్టాడు. ఇంత పెద్ద మనిషితోనా ఇన్నాళ్లూ పోట్లాడింది అనుకున్నాడు. కాలిన వాసనకు భార్య పరిగెత్తుకొచ్చి పెట్టె ఎత్తేసరికే చొక్కా వీపు మాడిపోయింది. ఆయన చేతిలో ఇంతవరకూ ఒక్క బట్ట కాలలేదు. ఆవిడ ఏదో అనబోయి, ఆయన మొహం చూసి, మాడిన చొక్కాను మడిచి పక్కన పెట్టింది.

ఈలోగా గ్రూపులో నవ్వుల బొమ్మలు వచ్చిపడ్డాయి. పీడ విరగడైందని ఒకడు, మంచుకొండ గెలిచాడని ఇంకొకడు. అందరూ తనవైపు వాళ్లే. ఇస్త్రీ ఆయన మళ్లీ ఎడమచేతి వేలితో పొడిచాడు.

"నేను గెలవలేదు. ఆయన ఒప్పుకోలేదు. నవ్వేవాళ్లెవరో ముందుకు రండి."

"ఇంతకీ నువ్వు ఎవరి వైపు?" అని గ్రూపు పెద్ద నిలదీశాడు.

"టిబెట్ వైపే. చచ్చేదాకా అటే. కానీ ఆయన నా మనిషి."

మరుక్షణం ఆయన్ను గ్రూపులోంచి తీసేశారు. ఇక అక్కడ ఒక్క ముక్క రాయడానికి లేదు. పాత మాటలు మాత్రం తెర మీద అలాగే ఉన్నాయి.

"ఎవరండీ పోయింది?" అని భార్య మెల్లగా అడిగింది.

పేరు చెప్పబోయాడు. పేరు తెలియదు.

"మనవాళ్లే," అన్నాడు.

ఆవిడ స్టూలు దగ్గరకు జరిపింది. ఆయన కూర్చుని, కూతురు పెట్టిన ఫోటోను పెద్దది చేసి చూశాడు. ఆసుపత్రి దిండు మీద కళ్లజోడు ఉంది. ఒక కాడకు నల్లదారం చుట్టి ఉంది, అద్దాల మీద వేలిముద్రలు ఇంకా తుడవలేదు.