ఒకే కంచం

ఆదివారం మధ్యాహ్నం సోయా గింజల టెంపే ముక్కలు వేయిస్తుంటే, టీవీలో నా వంటగది వచ్చింది చూద్దువు గాని రమ్మని ముందు గదిలోంచి మా ఆయన దాదాన్ పిలిచాడు. నా పని గురించి అతను మాట్లాడటమే అరుదు. బంధువులతో మాత్రం, బొమ్మలు వేసుకుంటుందిలే అంటాడు.

బాందుంగ్‌లో మా కంపెనీ చేసిన వీడియో గేమ్‌లో మహమ్మారి వచ్చి మనుషులు పోతారు. మిగిలినవాళ్లు ఖాళీ ఇళ్లలో మందులూ తూటాలూ వెతుక్కుంటూ తిరుగుతారు. ఆ ఇళ్లు చేసేది నేను. పాడుబడ్డ ఇల్లు ఇంత బాగా ఎలా తెలుసని మా బాస్ విర్య అడిగితే, అమ్మకి జబ్బు చేసి పది రోజులు పుట్టింటికి గారుత్ వెళ్లి వచ్చాక మా ఇల్లు చూశానన్నాను. అందరూ నవ్వారు.

ఒక్క వంటగది మాత్రం ఎవరూ చెప్పకుండా చేశాను. బతికి మిగిలిన ఒక ఆడమనిషిది. నాలుగు కుర్చీల్లో మూడింటిని విరిచి పొయ్యిలో పెట్టేసింది. నాలుగో దాని ముందు ఒకే కంచం, పొగలు కక్కే అన్నం. అక్కడికొచ్చాక ఏమీ ఎత్తుకుపోబుద్ధి కాలేదని గేమ్ ఆడినవాళ్లు ఎంతోమంది రాశారు. గేమ్‌ని టీవీ సీరియల్‌గా తీస్తున్నప్పుడు ఆ గది తన ఆలోచనేనని విర్య ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు కొత్త కాదు.

నూనె చేతులతోనే వెళ్లి టీవీ ముందు నిలబడ్డాను. బల్ల నాదే. కానీ కుర్చీలు నాలుగూ ఉన్నాయి, కంచాలూ నాలుగు. ఆమె చనిపోయిన మొగుడికీ, అత్తకీ, కూతురికీ వడ్డించి, తన కంచం ముట్టకుండా వాళ్ల కోసం చూస్తూ కూర్చుంది.

దాదాన్ కళ్లు తుడుచుకున్నాడు. "ఆడదంటే అదీ. లోకం మునిగినా మొగుడు తినందే ముద్ద ముట్టలేదు" అన్నాడు. తర్వాత సాంబల్ నూరి తెమ్మన్నాడు.

మిరపకాయలు నూరుతుంటే అత్తయ్య వచ్చి పక్కన నిలబడింది. నేను చేసిందీ ఇలాగే ఉందా అని మెల్లగా అడిగింది.

"కాదత్తయ్యా. నా దాంట్లో ఆమె ఒక్కతే తింటుంది."

"వేడివేడిగానా?"

"వేడివేడిగానే."

నలభై ఏళ్లుగా అందరూ తిని లేచాక చల్లారిన అన్నం తింటున్న మనిషి.

"దానికి అందరూ చచ్చిపోవాలటే, ఇమాస్?"

ఎంత ఆలోచించినా నాకు వేరే దారి తోచలేదని చెప్పాను. ఆవిడ తల ఊపి, నా చేతిలోంచి సాంబల్ గిన్నె తీసుకుని, కొడుక్కి వడ్డించడానికి వెళ్లింది.