సీసంలో మూడో రూపం

పరిశోధక విద్యార్థిని సైమికి యంత్రం మీద దొరికింది ఆరు రోజులు. ఆరో రోజు మధ్యాహ్నం పన్నెండుకి కణాల పుంజాన్ని తర్వాతి జట్టుకి అప్పగించాలి. ఆలోపు సీసం కేంద్రకంలో మూడో రూపం కనబడకపోతే, నాలుగేళ్ళ పరిశోధన మీద ఆమె రాసే గ్రంథంలో ముఖ్యమైన అధ్యాయం లేనట్టే. మళ్ళీ వంతు రావాలంటే రెండేళ్ళు.

మా ఆయన పోయాక ఫిన్లండ్‌లోని యువాస్కులాలో ఈ ప్రయోగశాల కాఫీ గదిలో పనికి చేరాను. ఇరవై ఏళ్ళుగా వింటున్నాను కనుక నాకు అర్థమైనంత చెబుతాను. కేంద్రకం అంటే గోళీ అనుకుంటాం. ఒక రకం సీసంలో అవే ప్రోటాన్లు, అవే న్యూట్రాన్లు బంతిలా ఉంటాయి, రొట్టెలా అణిగీ ఉంటాయి, బంగాళాదుంపలా సాగీ ఉంటాయి. మూడింటి మధ్య శక్తిలో తేడా చాలా కొంచెం. అంత చిన్నదానికి ఇన్ని విధాలుగా కుదురుకోవడం ఎవరు నేర్పారా అని కాఫీ పళ్ళెం పట్టుకుని నిలబడిపోయిన రోజులున్నాయి.

సాగిన రూపం బంతిగా మారేటప్పుడు ఒక ఎలక్ట్రాన్ ఎగిరి వస్తుంది. అణిగిన రూపానిది వేరే శక్తి ఉన్న ఎలక్ట్రాన్. ఆ తర్వాత కేంద్రకం వెళ్ళి ఒక పలకలో దిగబడి, కాసేపటికి ఆల్ఫా కణాన్ని వదులుతుంది. ఆ ఆల్ఫా కనబడితేనే ముందొచ్చిన ఎలక్ట్రాన్ సీసానిదని లెక్క. సైమికి రొట్టె కనబడింది, బంగాళాదుంప కనబడలేదు. ఆరో రోజు పది గంటలకి లాగ్‌బుక్కులో "మూడో రూపం లేదు" అని రాసి సంతకం పెట్టేసింది.

"ఏం పిల్లా, సీసం నీతో మాట మానేసిందా?" అన్నాడు యంత్రం చూసే ముసలి వెయిక్కో.

"రెండు ముక్కలు చెప్పి ఊరుకుంది."

"నయం. మా ఊళ్ళో పెళ్ళిచూపుల్లో కూడా అన్ని ముక్కలు చెప్పరు."

ఆమె నవ్వలేదు. ఆమె ప్రొఫెసరు ఇల్పొ కప్పు ఆమె ముందుకి జరిపాడు. "తాగు. లేనిది లేదని రాయడం కూడా పనే."

అప్పగింతకి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. వెళ్ళే జట్టు తమ అమరికలన్నీ పైకి చదవాలి, వచ్చే జట్టు తిరిగి చెప్పాలి. పదకొండున్నరకి సైమి చదువుతోంది. నేను ఖాళీ కప్పులు ఏరుతున్నాను.

"ఆల్ఫా కోసం ఎదురుచూపు, ఒక సెకను."

"ఒక సెకను," అన్నారు కొత్తవాళ్ళు.

సైమి ఆగిపోయింది. కిందటి వారం ప్రయోగం త్వరగా తరిగిపోయే కేంద్రకం మీద జరిగింది. ఆ అమరికల కాగితమే ఆమె చూసి దించుకుంది. ఈ సీసం సగం తరిగిపోవడానికే ఐదు సెకన్లు పడుతుంది. అది ఆల్ఫా వదిలేలోపే ఈమె తలుపు వేసేసింది. రొట్టె గుర్తు బలమైంది కనుక ఆ కొద్దిలోనూ మిగిలింది.

ఎవరూ గమనించలేదు. ముందుకి చదువుకుపోవచ్చు. వచ్చినవాళ్ళలో ఒకాయన రేపు ఆమె గ్రంథాన్ని పరీక్షించబోయే మనిషి.

"ఇది తప్పు," అంది సైమి. "నాదే. ఆరు రోజులూ తప్పే పెట్టాను."

ఇల్పొ ముఖం ఎర్రబడింది. "నేనూ రోజూ చూశాను. నాకూ కళ్ళు లేవు."

లాగ్‌బుక్కులో చెరపడం ఉండదు. పాత మాట కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన కారణం రాసి సంతకం పెట్టాలి. ఆమె అందరి ముందూ పొద్దున రాసిన మాట మీద గీత కొట్టి, "నిరీక్షణ చాలలేదు, పొరపాటు నాది" అని రాసింది.

మా యంత్రం వచ్చిన ప్రతి కణం లెక్కనీ దాస్తుంది, తప్పు ఆ లెక్కని తర్వాత వడకట్టే జల్లెడలోనే. పుంజం వేళకే తర్వాతివాళ్ళకి వెళ్ళిపోయింది. సైమి పక్క గదిలో ఎదురుచూపు ఇరవై సెకన్లు చేసి ఆరు రోజుల లెక్కంతా మళ్ళీ జల్లెడ పట్టింది. తెర మీద రొట్టె గుట్ట నిటారుగా లేచింది. దాని కుడిపక్కన ఇంకో చిన్న గుట్ట.

ఇల్పొ కళ్ళజోడు పైకి తోసుకుని వంగాడు. "మళ్ళీ పట్టు."

మళ్ళీ పట్టింది. గుట్ట అక్కడే ఉంది.

"బంగాళాదుంప," అన్నాడు వెయిక్కో వెనక నుంచి.

సైమి లాగ్‌బుక్కు దగ్గరికి లాక్కుని, గీత కొట్టిన మాట కింద, మూడో రూపం ఉందని రాయడానికి తేదీ వేసింది.