టైలర్ పెళ్లాం

నేను ఆడవాళ్ల టైలర్ని. రాత్రి దగ్గరికి వెళ్తే చాలు, మా ఆవిడ నొప్పంటుంది. ఏదన్నా మాత్ర రాస్తారని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

డాక్టరమ్మ పరీక్ష చేసి, “జబ్బేం లేదు. ఆడవాళ్ల ఒళ్లు సిద్ధమవడానికి కొంచెం సమయం పడుతుంది. తనకేం బాగుంటుందో ఎప్పుడైనా అడిగారా?” అంది.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది. “కొట్టుకి వచ్చిన ప్రతి మనిషినీ అడుగుతారమ్మా ఈయన, ఎక్కడ బిగుతుగా ఉంది, ఎక్కడ వదులు చెయ్యాలని. నన్నే అడగరు.”

డాక్టరమ్మ నవ్వాపుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక పౌరుషం చంపుకుని అడిగాను. “పోనీ ఇప్పుడు చెప్పు. నీకేం బాగుంటుంది?”

చాలాసేపు ఆలోచించింది.

“ఏమోనండీ. ఇన్నేళ్లూ ఎవరూ అడక్కపోతే, నాకు మాత్రం ఎలా తెలుస్తుంది?” అని వంటింట్లోకి వెళ్లిపోయింది.