పైన వచ్చిన మందు

ప్రవళిక చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంటే, చిన్నాయిన జానయ్య రెండు పత్తి చెట్లను వేళ్లతో సహా పీక్కొచ్చి ఆమె ముందు పడేశాడు. ఆకులు బెండాకుల్లా సన్నగా చీలి, కొసలు ముడుచుకున్నాయి.

"చూడు బిడ్డా, గా కాటమయ్య చేసిన పని. మూడెకరాల చెలక మొత్తం గిట్లనే అయ్యింది."

పొయ్యి దగ్గర నుంచే చిన్నమ్మ కౌసల్య అందుకుంది. "నవ్వుకుంట మందులమ్మెటోని దగ్గర జర పైలం అని నేను చెప్పలే?"

"నీకు నవ్వినోడల్లా దొంగనే. ఇయ్యాల నిజంగనే దొరికిండు. ఊరోళ్లు వస్తున్నరు. మోత్కూర్ పోయి వాని దుకాణం ముంగట గీ చెట్లు కుప్పపోసి షట్టర్ దించుతం."

ప్రవళిక చేయి బియ్యంలో ఆగిపోయింది. "ఏం మందు కొన్నవు చిన్నాయినా?"

"నీ యాప్ల చెప్పిందే. పత్తి, గడ్డి మందు అని ఫోన్ల కొట్టిన. అన్నిటికంటే పైన ఉన్న పేరు చిట్టీ మీద రాస్కపోయి ఇచ్చిన. నాకు మక్కజొన్న చేను కూడ ఉన్నదని వానికెరుక, ఏం అడగకుండనే ఇచ్చిండు. మా పిల్ల చేసిన దాంట్ల తప్పెందుకుంటది? వాడే కల్తీది అంటగట్టిండు."

రైతులకు సలహాలు వెతికిపెట్టే ఆ యాప్ ప్రవళిక పనిచేసే హైదరాబాద్ ఆఫీసుది. ఆమె ఇంటి నుంచే పని చేస్తుంది. వెతికితే ఏ పేజీ పైన రావాలో తేల్చే పద్ధతి పెట్టింది ఆమే. అడిగిన మాటలు పేజీ మొదట్లో ఉంటే ఎక్కువ మార్కులు. ఒకదాని పక్కన ఒకటి ఉంటే ఇంకా ఎక్కువ. చిన్నాయిన ఫోన్లో అది పెట్టిన రోజు, "పైన వచ్చిందే చూడు, కిందికి పోయి పరేషాన్ కాకు" అని తనే చెప్పింది.

ఫోన్ తీసి అవే మాటలు కొట్టింది. పైన "పత్తి, గడ్డి మందు" అన్న తలకట్టు, దాని కింద మందు పేరు. అంతవరకే తెర మీద కనబడుతుంది. నొక్కితే మిగతాది వస్తుంది: ఇది మక్కలో కొట్టే మందు, పత్తి మీద పడనివ్వకండి, పడితే ఆకులు బెండాకుల్లా అవుతాయి. అసలు సలహా నాలుగో చోట ఉంది. ఎవరో పెద్దాయన పత్తి గురించి తీరుబడిగా మొదలుపెట్టి, కలుపు సంగతి నాలుగో పేరాలో రాశాడు. మాటలు దూరమైనందుకు ఆ పేజీ కిందికి జారింది.

ఇదంతా ఆమెకు కొత్త కాదు. ఆఫీసులో తోటి పిల్ల మనస్విని నెల కిందటే ఫోన్ చేసింది. "అక్కా, పత్తికి వద్దన్న పేజీనే పైకొస్తున్నది, ఏం చేద్దాం?" అప్పుడు ప్రవళిక రామన్నపేటలో పెళ్లికి బస్సు ఎక్కుతోంది. "మాటలు కలిసినయి కదా, వదిలెయ్" అంది.

బయట బండ్లు ఆగిన చప్పుడైంది. తను నోరు మూసుకుంటే నింద కాటమయ్య మీదే ఉండిపోతుంది. ఆ తలపు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ హాయికే ఆమె ముఖం కాలిపోయింది.

"కాటమయ్య తప్పు లేదు చిన్నాయినా."

జానయ్య నవ్వాడు. "కొట్లాటంటే భయమా? నువ్వు ఇంట్లనే ఉండు, నిన్నెవరు రమ్మన్నరు?"

ప్రవళిక పేజీ తెరిచి అక్షరం వదలకుండా చదివింది. "ఇది పత్తికి కొట్టొద్దని రాసున్నది. దీన్ని పైకి తెచ్చింది నేను. గిట్లొస్తున్నదని ఒక పిల్ల ముందుగాలనే చెప్పింది కూడ."

కౌసల్య గరిటె పక్కన పెట్టింది.

"నీకు ముందుగాలనే ఎరుకనా?" అన్నాడు జానయ్య.

"ఎరుకే."

తండ్రి పోయాక ఆమెను బడికి పంపింది ఈయనే. ఊర్లో ఎవరు దొరికినా ఫోన్ తీసి, "మా పిల్ల చేసింది" అని చూపించేదీ ఈయనే.

"జానన్నా, పోదామా?" బయట బండి మీదున్న వెంకటయ్య కేకేశాడు.

జానయ్య చెప్పులు తొడుక్కున్నాడు. "తిని పో" అని కౌసల్య అంటున్నా వెనక్కి తిరగలేదు. వాకిట్లో నిలబడ్డవాళ్ల మధ్య నుంచి, పీకిన చెట్లు తీసుకోకుండానే, మోత్కూర్ రోడ్డు విడిచి చెలక బాట పట్టాడు.