సాయంత్రం తొంభై ఆరు

ముప్పై ఏళ్లు దుకాణాల్లో త్రాసులు తనిఖీ చేసినవాణ్ణి. ముల్లు ఊగే తీరు చూసి మోసం ఎక్కడుందో చెప్పేవాణ్ణి. అలాంటి నాకు మా ఇంటి ఫ్రిజ్ తలుపుకు అంటించిన కాగితం మీదే అనుమానం వచ్చింది.

నా మనవరాలికి ఎనిమిదేళ్లు. ఇంట్లో అందరం సిసింద్రీ అంటాం. రక్త క్యాన్సర్‌కు మందులు ఎక్కిస్తున్నారు. ఆ మందులతో ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గిపోతుందనీ, జ్వరం నూరు దాటితే వెంటనే తీసుకురావాలనీ, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుందనీ డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. అందుకే రెండు పూటలా పిల్ల నోట్లో థర్మామీటర్ పెట్టి, కోడలు ఆ కాగితం మీద రాస్తుంది.

పొద్దున తొంభై ఎనిమిది. సాయంత్రం తొంభై ఆరు. వారం రోజులుగా ఇదే వరస. సాయంత్రానికి ఒళ్లు కాస్త వెచ్చబడాలి గానీ చల్లబడటమేమిటి?

ముందు థర్మామీటర్‌ని అనుమానించాను. నా నోట్లో పెట్టుకుని చూశాను. నిక్షేపంగా ఉంది. ఇక మిగిలింది రాసే చెయ్యి. కోడలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పనిలో పడి, చూడకుండానే ఏదో అంకె గీకేస్తోందని తేల్చేసుకున్నాను.

"అమ్మాయ్, నిజంగా చూసే రాస్తున్నావా?"

మిషన్ ఆగింది. "చూడకుండా రాస్తానా మావయ్యా? నా బిడ్డ కాదా?"

"మరి పోయిన నెల దానికి జ్వరమొచ్చింది ఎవరి అజాగ్రత్త వల్ల?"

ఆమె తల వంచుకుని మళ్లీ మిషన్ తొక్కింది. తేలు కుట్టిన దొంగలా ఉందనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

ఆ సాయంత్రం వంటింటి తలుపు వెనక నక్కాను. దుకాణాల్లోనూ ఇలాగే పట్టేవాణ్ణి. ముందు గదిలోంచి కోడలు "రావే, టైమైంది" అని పిలిచింది. సిసింద్రీ పిల్లిలా వంటింట్లోకి వచ్చింది. ఫ్రిజ్ తెరిచి ఐసుముక్క తీసి నోట్లో వేసుకుంది. వెనక్కి తిరిగి నన్ను చూసి బిగుసుకుపోయింది.

నుదుటి మీద చెయ్యి వేశాను. కాలిపోతోంది.

"ఉమ్మెయ్."

నా అరచేతిలో ఉమ్మింది.

"రోజూ ఇంతేనా? ఎందుకే తల్లీ?"

"జ్వరం వస్తే నువ్వు అమ్మను తిడతావుగా తాతా. పోయినసారి అమ్మ బాత్రూంలో కూర్చుని ఏడ్చింది."

ముప్పై ఏళ్లలో ఎంతమంది దొంగల్ని పట్టానో లెక్కలేదు. ఆ రోజు పట్టుబడ్డది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

"అమ్మాయ్, పద, ఆసుపత్రికి!" అని అరిచాను.

దారి పొడుగునా కోడలు నా వైపు చూడలేదు. ఆసుపత్రిలో జ్వరం నూట రెండు చూపించింది. వెంటనే సూది గుచ్చి మందు ఎక్కించడం మొదలుపెట్టారు.

"టైముకే తెచ్చారు. కానీ రోజూ సాయంత్రం ఈ తొంభై ఆర్లేమిటి?" అని మేం వెంట తెచ్చిన కాగితం చూస్తూ డాక్టరమ్మ కోడల్ని నిలదీసింది.

"ఆవిడను అడక్కండి, తప్పు నాది" అని, ఐసుముక్క సంగతి, నా తిట్ల సంగతి దాచకుండా అన్నీ చెప్పాను. కోడలు అప్పుడు చూసింది నా వైపు.

సిసింద్రీ మంచం మీంచి నా చొక్కా లాగింది.

"ఇంక అమ్మను తిట్టవుగా?"

"తిట్టనమ్మా, ఒట్టు."

అది కళ్లు చికిలించి నా మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్మలేదు. నా మనవరాలే మరి.